మూడు మట్టిముద్దలు

మా అత్త రాచపుండుతో పోయిందని ఊరంతా చెప్పుకున్నారు. అది నిజమే. కానీ ఆ పుండు గడ్డగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో, ఎప్పటిదాకా కత్తికి లొంగేదో, ఎప్పుడు లొంగకుండా పోయిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నెలనెలా దాన్ని కొలిచింది నా చేతులు. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మిషను బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇన్నాళ్లూ ఉత్తరాలు చదివిపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు, ఇప్పుడు దీనికి వాడుతున్నాను. నన్ను మంచిదాన్నని ఎవరైనా అనుకుంటారని కాదు. ఆ ఆశ ఉంటే ఈ పని మొదలుపెట్టేదాన్నే కాదు.

మేము కుమ్మరులం. అత్త అంటే మా నాయనకు సొంత అక్క. నాకు ఎనిమిదేళ్లప్పుడే ఆమె కొడుక్కి ఇచ్చి పెళ్లి చేశారు. ఆ మరుసటి ఏడు మా నాయన బాప్తిస్మం తీసుకున్నాడు, కుండలు చేసే సారె వదిలేసి ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో బడి పంతులయ్యాడు. అందుకని నేను కుమ్మరి ఇంట పుట్టి కూడా మట్టి తొక్కకుండా పెరిగాను. పలక మీద రాసుకుంటూ, పాటలు పాడుకుంటూ నాలుగైదేళ్లు హాయిగా గడిపాను. పద్నాలుగో ఏట నన్ను ఉదయగిరికి కాపురానికి పంపించారు.

కొండ కింద కుమ్మరిపాళెంలో అత్తవాళ్ల ఇల్లు. నేను బండి దిగేసరికి వాకిట్లో కులపెద్దలు కూర్చుని ఉన్నారు. మతం మారినవాళ్ల ఇంట్లో తిన్న పిల్లను కులంలో కలుపుకోవాలంటే నాలిక కాల్చాలన్నారు. సూది కాల్చి పట్టుకుని ఒకావిడ ముందుకొస్తే అత్త ఆమెను పక్కకు నెట్టింది.

"నీ చెయ్యి వణుకుతాది. ఇటు తే," అంది.

తన చేత్తోనే వాత పెట్టింది. చెయ్యి నిజంగానే వణకలేదు. పది రోజులు నేను ఉప్పు తగిలితే ఏడ్చాను. ఇవాళ్టికీ నా నాలిక మీద ఒకచోట తీపీ కారమూ తెలియవు. ఆ తర్వాత అత్త నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. పలకమ్మా అనేది. పలకమ్మా నీళ్లు తే, పలకమ్మా బూడిద ఎత్తు. తమ్ముడి మీద కోపమంతా నా మీద తీర్చుకుంటోందని తెలుస్తూనే ఉండేది. తెలిసినంత మాత్రాన దెబ్బలు నొప్పి పుట్టకుండా ఉండవు.

ఆమె పనితనం మాత్రం చెప్పుకోవాలి. నా మొగుడు సారె మీద తీసిన కుండను ఒళ్లో పెట్టుకుని, లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ సాగదీసేది. చూడకుండా కొట్టేది. నోటితో నన్ను తిడుతూ ఉండేది, చేతిలో కుండ మాత్రం ఎక్కడా పలచనా కాకుండా మందమూ కాకుండా గుండ్రంగా వచ్చేది.

నాకు కూతురు పుట్టిన ఏడే కరువొచ్చింది. ధాత, ఈశ్వర సంవత్సరాలు రెండూ మమ్మల్ని పీల్చేశాయి. వండుకోవడానికి ఏమీ లేనివాళ్లు కుండలు ఎందుకు కొంటారు? దుత్తలూరు వైపు నుంచి జనం ఎముకలగూళ్లయి నడిచిపోతూ ఉండేవాళ్లు. కుండలు తీసుకున్నది ఆత్మకూరులో పెట్టిన సర్కారు గంజి కేంద్రం ఒక్కటే. నెలకోసారి నా మొగుడు బండి కట్టుకుని కుండలు వేసుకుపోయి, బదులుగా జొన్నలో సజ్జలో తెచ్చేవాడు. ఆ గింజలతో అత్త అంబలి కాచేది. గరిట ఆమె చేతిలో ఉండేది. ముందు కొడుక్కి పోసేది, అది కాస్త చిక్కగా ఉండేది. తర్వాత నాకు పోసేది. నా గిన్నెలో నా ముఖం కనపడేది. పాలు ఇంకిపోతున్నాయి అత్తా, బిడ్డ ఏడుస్తోంది అంటే, "అందరికీ అంతే," అనేది. తను ఎప్పుడు తాగేదో, ఎంత తాగేదో నేను చూడలేదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరమవుతుంది.

ఒకరోజు పొద్దున ఆమె కొంగు సర్దుకుంటూ నన్ను లోపలికి పిలిచింది. "ఈడేందో గట్టిగా ఉండాది, చూడు," అని ఎడమ రొమ్ము మీద నా చెయ్యి పెట్టుకుంది. లోపల చిన్న నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదంది. ఊళ్లో వైద్యుడు నెలరోజులు ఆకుపసర్లు కట్టించాడు. పండి చీము పడితే మామూలు గడ్డ, పండకుండా రాయిలా ఉండిపోతే రాచపుండు అని ఆయన లెక్క. గడ్డ పండలేదు. ఆయన మా ఇంటివైపు రావడం మానేశాడు.

మద్రాసులో చదివిన డాక్టరొకాయన నెల్లూరు నుంచి నెలకోసారి ఆత్మకూరు వచ్చి సత్రం వసారాలో కూర్చుంటున్నాడని నా మొగుడు గంజి కేంద్రం దగ్గర విని వచ్చాడు.

"బండెక్కమ్మా. చూపించుకోనొద్దాం," అన్నాడు.

"మొగోడి ముందర కొంగు తీయమంటావంట్రా?"

"తీయకుండా ఆయనకెట్ట తెలస్తాది?"

అత్త కొంగు బిగించి దోపుకుంది. తర్వాత నావైపు చూసి, "మట్టితో జేసి ఎత్తుకోని పోండి," అంది. "వినాయకుణ్ణి జేస్తాం, పోలేరమ్మను జేస్తాం. ఒక గడ్డ జేయలేమా?"

కుమ్మరి ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఎవరికీ తట్టని ఆలోచన అది. మాకు చాలా తెలివైన పనిగా తోచింది. ఆ పని ఆడవాళ్ల చేతులే చెయ్యాలి కాబట్టి నాకు పడింది. ఎడమచేత్తో ఆమె గడ్డను అన్నివైపులా తడుముతూ, కుడిచేత్తో మట్టిముద్దను ఒత్తుతూ, ఇది కొంచెం ఎక్కువ, ఇది కొంచెం తక్కువ అనుకుంటూ చేశాను. మూడేళ్ల కాపురంలో ఆమెను నేను ముట్టుకోవడం, కొట్టించుకోవడం కాకుండా, అదే మొదటిసారి. పక్కటెముకలు నా వేళ్లకు ఒక్కొక్కటిగా తగిలాయి. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది.

ఎండకు పగలకుండా నా మొగుడు ఆ ముద్దను తడిగుడ్డలో చుట్టాడు. దారి పొడుగునా సొరబుర్రలోని నీళ్లు చిలకరిస్తూ వచ్చాడు. డాక్టరుతో మాట్లాడటానికి చదువుకున్నదాన్నని నన్నూ బండెక్కించారు. బిడ్డ నా ఒళ్లో ఉంది. రెండు రోజుల ప్రయాణం.

డాక్టరుకు ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ముద్దను చూసి ముందు నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి ఇత్తడి కొలబద్ద తీశాడు. రెండు కాళ్లున్న కొలబద్ద అది, ముద్దకు అటూ ఇటూ ఆనించి చూసి, అంగుళంన్నర అని పుస్తకంలో రాసుకున్నాడు. ఆ మీదట నన్ను ప్రశ్నలడిగాడు. గడ్డ వేలితో నెడితే కదులుతుందా? కదులుతుందండీ అన్నాను. పైన చర్మం చిటికెతో పైకి లేస్తుందా? లేస్తుంది. చనుమొన లోపలికి పీక్కుపోయిందా? లేదు. చంకలో ఏమైనా చేతికి తగిలిందా? చూడలేదండీ.

"చూడాలమ్మా. అన్నిటికంటే అదే ముఖ్యం," అన్నాడు. "ఈ జబ్బుకు మూడు మెట్లున్నాయి. ఇప్పుడు మీరు చెప్పినట్టు కదులుతూ, చంక ఖాళీగా ఉంటే మొదటి మెట్టు. అప్పుడు కోస్తే కొందరు బతుకుతారు. చర్మాన్ని పట్టుకుని, చంకలోకి పాకితే రెండో మెట్టు. అప్పుడు కోసినా ఏమీ చెప్పలేం. ఎముకలకు అతుక్కుని పగిలిందంటే మూడోది. అప్పుడు నేను కత్తి పట్టను."

"ఇప్పుడే కోయరాదా అండీ?"

"గడ్డలన్నీ రాచపుండ్లు కావు. కొన్ని ఉన్నంతే ఉండిపోతాయి, వాటిని కెలకకూడదు. పెరిగేదే చెడ్డది. నెల్లూరు ఆసుపత్రిలో కరువు జబ్బులవాళ్లు నేలమీద పడుకుని ఉన్నారు. నెలనెలా ఇలాగే ముద్ద చేసి తీసుకురండి. పెరిగిందంటే ఆమెను బండిలో వేసుకు వచ్చేయండి. మత్తుమందిచ్చి కోస్తాను, నొప్పి తెలియదు."

ఇంటికొచ్చి అన్నీ అత్తకు చెప్పాను. ఆమె చెక్క పక్కన పెట్టి విన్నది.

"పెరిగితే కోస్తాడా?"

"కోస్తాడంట."

"కోస్తే బతుకుతానా?"

"కొందరు బతుకుతారన్నాడు."

"సరే. పెరిగితే పోదాం లే. అప్పుడు చూపించక తప్పుద్దా," అంది. ముద్దను తీసుకెళ్లి గోడగూట్లో పెట్టించింది. బతకాలని ఆమెకు ఉంది. ఆ సంగతి నాకు ఆరోజే తెలుసు.

రెండో నెల మళ్లీ చేశాను. చెయ్యి పెట్టగానే పెరిగిందనిపించింది. చంకలో చూశాను, ఏమీ లేదు. ఈసారి గుడ్డ తడిపి చుట్టడానికి నీళ్లు లేవు. చెరువు అడుగున తీసిన చెలమలో ఊరే బురదనీళ్ల కోసం ఆడవాళ్లు కొప్పులు పట్టుకుని కొట్టుకుంటున్న రోజులవి, ముద్దమీద చిలకరిస్తామంటే ఎవరూరుకుంటారు? ఆ ఎండలో రెండు రోజులు బండిమీద మాడి, సత్రం చేరేసరికి ముద్ద బాగా ఎండిపోయింది. డాక్టరు కొలిచాడు. పుస్తకం తిప్పి చూశాడు.

"అంగుళంన్నరే. పెరగలేదమ్మా, సంతోషం," అన్నాడు.

నా చెయ్యి ఒకమాట చెప్తోంది, ఆయన ఇత్తడి ఇంకోమాట చెప్తోంది. చదువుకున్నదాన్ని కదా, ఇత్తడినే నమ్మాను. అప్పటికి నాలో ఏ పాపమూ లేదు. ఇది కూడా రాసి పెడుతున్నాను.

తిరిగొచ్చిన వారానికి నా బిడ్డ పోయింది. జబ్బేమీ కాదు. ముందు ఏడవడం మానేసింది, తర్వాత చూడటం మానేసింది. నా మొగుడు కొండవైపు తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చాడు. నేను గోడకానుకుని కూర్చుంటే అత్త వచ్చి నిలబడింది.

"ఆడబిడ్డే గదా. పోనీలే. నువ్వన్నా మిగులుతావు," అంది.

ఓదార్చడానికే అన్నదేమో. ఆమెకు వచ్చిన ఓదార్పు అంతేనేమో. ఇవన్నీ ముసలిదాన్నయ్యాక వచ్చిన ఆలోచనలు. ఆ రోజు మాత్రం ఈమె చావాలి అనుకున్నాను. మనసులో అనుకోవడం కాదు, పెదవులు కదిపి అనుకున్నాను.

నెల తిరిగేలోపు ఇంకొకటి జరిగింది. గంజి కేంద్రం వాళ్లు మూతలున్న బానలు కావాలన్నారు. నన్ను ఒక మూత చెయ్యమంది అత్త. ఎండిన బాన మూతికి సరిగ్గా సరిపోయేట్టు పచ్చిమట్టితో చేసి, నీడన పెట్టాను. నాలుగు రోజుల తర్వాత మూత పెట్టబోతే లోపల పడిపోయింది. చెక్క నా వీపుమీద పడింది.

"మట్టి ఎండితే కుదించుకోని పోతాదని తెలీదంటే నీకు? కుమ్మరోళ్లింట పుట్టినావు గదా. పచ్చిది వేలెడు ఎక్కువ తియ్యాల. ఇసక కలపని మట్టైతే ఇంకా పోతాది. కాలిస్తే ఇంకా పోతాది. పలకలో రాయలేదా ఇది నీకు, పలకమ్మా?"

ఇంకో దెబ్బ కోసం ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగింది. ఆమె కళ్లు గోడగూటి వైపు పోయాయి. ఒక్క నిమిషం కూడా కాదు. తర్వాత చెక్క దించి, బానలో పడ్డ మూత తీసుకుని, లోపలికి పోయింది. నా వీపు మండుతోంది, అప్పుడు నేను ఆ చూపు గురించి ఆలోచించలేదు.

ఆలోచన సాయంత్రం గూడు తుడుస్తుంటే వచ్చింది. అక్కడ రెండు ముద్దలూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది ఇప్పుడు ఎండిపోయింది. రెండోదాని పక్కన అది చిన్నపిల్లలా ఉంది. డాక్టరు పుస్తకంలో రెండూ ఒకటే. ఒకటి తడిగా కొలిచాడు, ఒకటి పొడిగా కొలిచాడు. గడ్డ పెరుగుతోంది, నా చెయ్యే నిజం చెప్పింది.

నా మొగుడు వాకిట్లో మట్టి పిసుకుతున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. అదే పూట బండి కట్టేవాడు, తల్లంటే ప్రాణం అతనికి. నేను తుడిచిన గుడ్డ దులుపుకుని, పొయ్యి దగ్గరికి పోయాను.

మూడో నెల మట్టి నేనే తెచ్చాను. చెరువు నట్టనడుమ అడుగునుండే నల్లని జిగురుమట్టి, ఇసక రేణువు లేనిది. అత్త గోడవైపు తిరగకుండా ఈసారి నావైపు తిరిగి కూర్చుంది. నేను గడ్డ తడుముతూ ముద్ద ఒత్తుతుంటే నా ముఖంలోకి చూస్తోంది.

"పెరిగిందా?" అని అడిగింది.

"అంతే ఉండాది అత్తా."

ఆమె తనంతట తానే చెయ్యి పైకెత్తింది. "ఈడ కూడా చూడమన్నాడు గదా."

చంకలో వేలు పెట్టాను. పెసరగింజంత ఒకటి తగిలింది. వేలికింద జారి, మళ్లీ అక్కడికే వచ్చింది.

"ఏం లేదు," అన్నాను.

"సరిగ్గా చూసినావా?"

"చూసినాను."

ఆమె మెల్లగా చెయ్యి దించింది. ఆ ముద్దను నేను ఆరబెట్టి, కుండల వెనకాల పెట్టి ఆవంలో కాల్చాను. మరునాడు ఎర్రగా కాలిన ముద్దను గూట్లో చూసి, "కాల్చినావా?" అంది అత్త.

"దారిలో పగలకుండా."

"మంచిదే," అని చెక్క అందుకుంది.

అప్పటికి ఎద్దొకటి చచ్చిపోయింది. నా మొగుడు కుండలు కావడికెత్తుకుంటే, నేను వెనకాల నడిచాను. ముద్ద నా కొంగున ముడివేసి ఉంది. సత్రంలో డాక్టరు దాన్ని వేలితో తట్టి, ఎందుకు కాల్చారమ్మా అన్నాడు. పగలకుండానండీ అన్నాను. ఆయన మద్రాసులో చదివిన మనిషి, మట్టి సంగతి ఆయనకేం తెలుసు? కొలిచాడు.

"కాస్త తగ్గినట్టు కూడా ఉంది," అన్నాడు. "చంకలో?"

"లేదండీ."

"కదులుతోందా?"

"కదులుతోందండీ."

ఆ ఒక్కటి నిజమే. ఆయన పుస్తకం మూశాడు. ఇక నెలనెలా రానక్కర్లేదు, చంకలో ఏదైనా తగిలితేనే రండి, ఇంత ఎండలో ఎందుకు నడవడం అని మంచిగా చెప్పాడు. నా మొగుడు ఆయనకు రెండు చేతులెత్తి మొక్కాడు. వచ్చేదారిలో ఒక ఎండిన వాగులో కావడి దించి, "అమ్మకేం కాదే, ఏం కాదంట," అని ఏడ్చాడు. నేను కొంచెం దూరంలో కూర్చుని చూశాను. నాకు సంతోషంగా ఉంది. ఇది రాయకపోతే ఈ కాగితాలు దండగ. ఆరోజు నా కడుపులో ఏమీ లేదు, కాళ్లు బొబ్బలెక్కాయి, నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆ తర్వాత వానలు పడ్డాయి. కొండమీంచి నీళ్లు దిగి చెరువు నిండింది. బతికినవాళ్లు మళ్లీ వండుకోవడం మొదలుపెట్టారు, కుండలకు గిరాకీ వచ్చింది. మా ఇంటి కప్పు కారి గోడగూటిలోకి నీళ్లు దిగితే మొదటి రెండు ముద్దలూ బురదైపోయాయి. తుడిచి పారేశాను. కాల్చినది తడిసి, ఆరి, అక్కడే ఉంది.

గడ్డకు మాత్రం వానా కరువూ ఒకటే. నేను ఇక కొలవడం లేదు, అయినా కొంగు మాటున కనపడుతూనే ఉండేది. ముందు చర్మం సొట్టపడింది. చనుమొన లోపలికి పోయింది. చంకలో పెసరగింజ ఉన్నచోట నాలుగు చింతగింజలు చేరాయి. ఎడమచెయ్యి ఉబ్బింది, చెక్క పట్టుకోలేకపోయింది. ఒకరోజు అత్త రైతొకడికి కుండ అందిస్తుంటే కొంగు మీద మరక కనపడింది. పగిలింది.

అప్పుడు నా మొగుడు ఎవరినో బతిమాలి ఎద్దును తెచ్చి బండి కట్టాడు. సత్రం వసారాలో పదిమంది మగవాళ్లు కూర్చుని ఉండగా, ఎవరూ అడక్కుండానే మా అత్త కొంగు తీసేసింది. డాక్టరు రెండు వేళ్లతో గడ్డను కదిపి చూశాడు. కదల్లేదు. చంక చూశాడు. మెడ పక్కన కూడా చూశాడు. తర్వాత పుస్తకం తెప్పించుకుని, మూడు కొలతలూ మార్చి మార్చి చదివాడు.

"ఇంత తొందరగా మూడో మెట్టుకు రాకూడదే," అన్నాడు. "నేనే ఒకసారి ఆమెను రమ్మని ఉండాల్సింది. ముద్దల్ని నమ్మి కూర్చున్నాను."

తనను తాను నిందించుకున్నాడు పాపం. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. అత్త కొంగు కప్పుకుంటూ నావైపు చూసింది. ఆయన పుండు కడగడానికి ఏదో పొడి, నొప్పి తగ్గడానికి నల్లమందు ఇచ్చి పంపించేశాడు.

నాలుగు నెలలు ఆమెను నేనే చూసుకున్నాను. వాసనకు కొడుకు ఇంట్లో ఉండలేక వాకిట్లో పడుకునేవాడు. పొద్దునా సాయంత్రం వేపాకు కాచిన నీళ్లతో కడిగేదాన్ని, పురుగులు పట్టకుండా గుడ్డలు ఉడికించి మార్చేదాన్ని. ఇంత మంచి కోడలు లేదని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా అత్త కళ్లు మూసుకునేది.

ఒక మధ్యాహ్నం కడుగుతుంటే, "ఆ ముద్దలు యాడుండాయి?" అంది.

"రెండు వానకు కరిగినాయి. కాల్చింది ఉండాది."

"ఇటు తే."

తెచ్చిచ్చాను. కుడిచేతి గుప్పిట్లో పెట్టుకుని వేళ్లతో తిప్పి చూసింది, కుండ పగుళ్లు చూసేటప్పుడు చూసేట్టు.

"జిగురుమట్టి. ఇసక లేదు. ఇది పచ్చిగా ఉన్నప్పుడు ఎంతుంటాదో నాకు తెలీదనుకున్నావా?"

నా చేతిలో గుడ్డ ఉంది. నీళ్లు కారుతున్నాయి.

"తెలిసి ఎందుకు చెప్పలేదత్తా? నీ కొడుక్కన్నా చెప్పక పోయినావే."

"నువ్వు చెప్తావేమోనని చూసినాను. నా తమ్ముడి బిడ్డవి గదా. మూత పడినరోజే నాకు తెలిసింది. నీకూ తెలిసుంటాదనుకున్నాను. చెయ్యెత్తి చూపించినాను గూడా. ఒక్కమాట అనుంటే బండెక్కేదాన్ని."

నాకు కోపమొచ్చింది. ఆ స్థితిలో ఉన్న మనిషి మీద కోపమొచ్చింది. "నా బిడ్డకి నువ్వు గరిటెడు అంబలి పోసుంటే నేనూ చెప్పేదాన్ని," అన్నాను.

"ఆ గరిట నా గిన్నెలో మాత్రం ఉండాదా? ఎప్పుడన్నా చూసినావా నా గిన్నె?"

చూడలేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. మొదటి ముద్ద చేసినరోజు నా వేళ్లకు తగిలిన పక్కటెముకలు గుర్తొచ్చాయి. గడ్డను కొలవడానికి వెళ్లిన చేతులు అవి, ఎముకలను లెక్కలోకి తీసుకోలేదు.

ఏదైనా అనాలని నోరు తెరిచాను. ఆమె అడ్డంగా తల ఊపింది.

"నేను నీ నాలిక కాల్చినాను. నువ్వు మాట్లాడలేదు. సరిపోయింది. ఊ, కానియ్యి, కడుగు."

కడిగాను. గుడ్డ మార్చాను. ముద్దను నా చేతిలో పెట్టి, "దాచుకో. కాల్చింది కరగదు," అంది. ఆ తర్వాత పన్నెండు రోజులు బతికింది. ఆ పన్నెండు రోజుల్లో నన్ను పలకమ్మా అని పిలవలేదు, ఇంకేమని కూడా పిలవలేదు. కొడుక్కి ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. డాక్టరు కొలత తప్పిందని నా మొగుడు తను పోయేదాకా అందరికీ చెప్పుకుంటూ ఉండేవాడు, నేను పక్కనే ఉండి తల ఊపేదాన్ని.

నాకు తర్వాత ముగ్గురు పిల్లలు పుట్టారు, పెరిగారు. మూడిళ్లు మారాను. ఆ ముద్ద నా పెట్టె అడుగున పాత రవికల కింద ఉంటుంది. ఇది రాయడానికి కూర్చునేముందు బయటికి తీసి, పిల్లలు పారేసిన కొలబద్దతో కొలిచి చూశాను. అంగుళంన్నరకు కాస్త తక్కువ. ఇన్నేళ్లకూ అది వెంట్రుకవాసి పెరగలేదు.